నీరజ చెల్లెలి పేరు

మా అక్క కూతురికి రెండో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. పురుడు విజయవాడలో పోసుకుని, ఉయ్యూరులో పుట్టింటికి వచ్చింది. పిల్లకి పదిరోజులు నిండకుండానే ఇంట్లో పంచాయితీ మొదలయింది. పాలు చాలుతున్నాయా లేదా అని కాదు. పేరేమిటని!

మొదటి పిల్ల పేరు నీరజ. ఆ పేరు వెనక ఒక ముసలావిడ ఉంది. మా అమ్మాయి మామగారి తల్లి నీరజాక్షమ్మ గారు. "మా అమ్మ పేరు కలిసిరావాలమ్మా" అని ఆయన ఒక్కమాట అన్నారు. అందరూ సరే అన్నారు. 'అక్షి'ని కత్తిరించి నీరజ అని పెట్టుకున్నారు. పాతా అయింది, కొత్తా అయింది. బాగానే ఉంది.

ఇప్పుడు రెండోదానికి నీరజతో జోడీ కుదిరే పేరు కావాలిట. విజయవాడ బస్టాండులో కొన్న పేర్ల పుస్తకం ఒకటి, ఫోనులో వచ్చిన పట్టికలు పది ముందేసుకుని మా అమ్మాయి నన్ను పిలిచింది.

"పిన్నీ, నవలల్లో అంతమందికి పేర్లు పెట్టావు. నా కూతురికి ఒక్కటి పెట్టలేవా?"

పెట్టగలననే అనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది, కథలో మనిషికి పేరు పెట్టడం వేరు, ఉయ్యాలలో మనిషికి పెట్టడం వేరు. కథలో మనిషి తన పేరు నచ్చలేదని మనతో పేచీ పెట్టుకోదు కదా!

ఆ పుస్తకాన్ని నేను సాహిత్య గ్రంథంలాగే చదివాను. విమర్శ రాయమంటే ఇలా రాస్తాను: అకారాది క్రమం చక్కగా ఉంది, అర్థాలు మాత్రం అరువు. నీరజకు జోడీగా అందులో దొరికినవి జలజ, వనజ, అంబుజ, సరోజ, శైలజ, గిరిజ. వినడానికి ఒక్కొక్కటీ ముత్యమే. కానీ నిదానించి చూడండి. నీరం అంటే నీళ్ళు. నీళ్ళలో పుట్టింది నీరజ, అంటే తామరపువ్వు. జలమన్నా నీళ్ళే, అంబువన్నా నీళ్ళే, వనమన్నా సంస్కృతంలో నీళ్ళనే అర్థం ఒకటుంది. సరోజ సరస్సులో పుట్టింది. అంటే పెద్దదాని పేరు తామరపువ్వు, చిన్నదాని పేరూ తామరపువ్వే! ఇద్దరికీ ఒకే గౌను కుట్టించినట్టు ఇద్దరికీ ఒకే పేరు పెట్టడమన్నమాట. శైలజ, గిరిజలు ఆ లెక్కలోకి రారు, ఇద్దరూ పార్వతీదేవే. కానీ మా ఇంటికీ కొండలకీ చుట్టరికం లేదు. చుట్టూ కాలవలు, చెరుకు తోటలు.

చెవికి ప్రాస కుదిరినంత మాత్రాన పేరు కుదిరినట్టు కాదని అప్పుడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

ఈ ప్రాస పిచ్చి ఇవాల్టిది కాదు. భారతం తీయండి. ఒకరికొకరు పేర్లు కుదిరిన తోబుట్టువులెవరు? దుర్యోధనుడు, దుశ్శాసనుడు, దుస్సహుడు, చెల్లెలు దుస్సల. అందరికీ ముందు 'దు' కారమే. ఇటు పాండవుల్ని చూడండి. ధర్మరాజు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు. ఎవరి పేరు వాళ్ళదే, ఒకదానికొకటి పొంతన లేదు. అయినా అన్నమాట తమ్ముడు దాటలేదు, తమ్ముడి కష్టం అన్న మరిచిపోలేదు. పేర్లు కలిస్తేనే తోబుట్టువులు కలిసుంటారనుకునే తల్లులు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి.

మన కృష్ణా జిల్లాలో ఈ ప్రాసను పరాకాష్ఠకు తీసుకువెళ్ళిన ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చెబుతారు. నిమ్మకూరు నందమూరి వారిది. మా ఉయ్యూరు నుంచి బందరు రోడ్డున వెళితే పామర్రు వస్తుంది. నిమ్మకూరు ఆ మండలంలోదే. ఎన్.టి. రామారావు గారు 1923 మే 28న అక్కడ పుట్టారు. తల్లి వెంకట్రామమ్మ గారు కొడుక్కి కృష్ణ అని పెట్టుకుందామనుకున్నారుట. మేనమామ తారకరాముడైతే బాగుంటుందన్నారుట. మేనమామ మాటే నెగ్గింది.

ఆ తారక రామారావు గారికి పన్నెండుమంది పిల్లలు. కొడుకులు రామకృష్ణ, జయకృష్ణ, సాయికృష్ణ, హరికృష్ణ, మోహనకృష్ణ, బాలకృష్ణ, మళ్ళీ ఒక రామకృష్ణ, జయశంకర్ కృష్ణ. కూతుళ్ళు లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి. ఎనిమిది కృష్ణలు, నాలుగు ఈశ్వరులు. పద్యంలో కూడా ఇంత నియమం ఉండదు!

సినిమాల్లో కృష్ణుడి వేషంతో పేరొచ్చింది కనుక పిల్లలకి ఆ పేరు పెట్టుకున్నారని తేలిగ్గా అనేస్తుంటారు. తేదీలు ఒప్పుకోవు. 'మాయాబజార్' వచ్చింది 1957లో. హరికృష్ణ గారు పుట్టింది 1956లో, అప్పటికే పైవాళ్ళున్నారు. మరి ఆ కృష్ణ ఎక్కడిది? నాకైతే ఆ తల్లి పెట్టుకోలేకపోయిన పేరే గుర్తొస్తుంది. కొడుక్కి దక్కని పేరు మనవళ్ళకి ఎనిమిదిసార్లు దక్కింది. ఇది నా ఊహే, ఆయన మనసులో మాట నాకేం తెలుసు? కానీ నవలలు రాసేదాన్ని కదా, ఈ ఊహ వదులుకోబుద్ధి కాదు.

అంతకంటే నా మనసు పట్టిలాగింది ఆ పట్టికలో రెండుసార్లు కనిపించే పేరు. పెద్దబ్బాయి రామకృష్ణ 1962లో చనిపోయాడు. తరవాత పుట్టిన బిడ్డకి మళ్ళీ రామకృష్ణ అనే పెట్టారు. ఇక్కడ ప్రాసా లేదు, ఫ్యాషనూ లేదు. ఇంట్లో రోజూ పిలిచే పేరు పిలవడానికి మనిషి లేకపోతే తల్లి నోరు ఎంత కొట్టుకులాడుతుందో ఆ ఒక్క పేరు చెబుతుంది. పన్నెండు పేర్ల ఆ జాబితాలో నన్ను కదిలించిన పంక్తి అదే.

మూడో తరంలో ప్రాస మారింది. హరికృష్ణ గారి కొడుకులు జానకిరామ్, కల్యాణ్‌రామ్. మూడో అబ్బాయికి తాతగారే తన పేరు పూర్తిగా ఇచ్చారని చెప్పుకుంటారు. కృష్ణలు పోయి రాములొచ్చారు, అంటే తాత దగ్గరికి తిరిగొచ్చారు. ఇంకో తమాషా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ కేంద్రంగా ఉన్నదానికి ఆయన పేరు పెట్టారు. నిమ్మకూరు మాత్రం అందులోకి పోలేదు, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. తల్లి కోరిన పేరు ఊరికైనా మిగిలింది!

తాత పేరు మనవడికి పెట్టడం మన నేలలో పాత అలవాటే. వేంగి ఏలిన తూర్పు చాళుక్యుల వంశవృక్షం బి.ఏ.లో బట్టీపట్టి తిట్టుకున్నాను. ఎనిమిదో శతాబ్దం మధ్యలో విజయాదిత్యుడు, అతని కొడుకు విష్ణువర్ధనుడు, అతని కొడుకు మళ్ళీ విజయాదిత్యుడు, అతని కొడుకు మళ్ళీ విష్ణువర్ధనుడు, అతని కొడుకు గుణగ విజయాదిత్యుడు. అయిదు తరాలు, రెండే పేర్లు. పరీక్షలో ఎవరు ఎన్నో వాడో రాయలేక మార్కులు పోగొట్టుకున్నాను. ఇవాళ ఆలోచిస్తే అది కూడా ప్రాసే అనిపిస్తుంది. అన్నదమ్ముల మధ్య అడ్డంగా నడిచే ప్రాస కాదు, తాతా మనవల మధ్య నిలువుగా నడిచే ప్రాస.

కానీ ఆ వంశవృక్షంలో తల్లుల పేర్లేవీ? అమ్మమ్మల పేర్లేవీ? నిలువు ప్రాస ఎప్పుడూ ఒక పక్కనే నడిచింది. మనం 'ఇంటి పెద్దల పేరు నిలబెట్టడం' అంటాం. ఏ ఇంటి పెద్దలు? నీరజాక్షమ్మ గారి పేరు నిలబడినందుకు నాకు సంతోషమే. ఆవిడ కూడా ఒకింటికి కోడలై వచ్చిన మనిషే. కానీ మా అక్క కూతురి పక్క కూడా ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో డెబ్బై దాటిన ఒక మనిషి మంచంమీద కూర్చుని ఈ పేర్ల గొడవంతా వింటూ మునిమనవరాలి గుడ్డలు మడతపెడుతోంది. ఆవిడ మా అమ్మ. పేరు వీరమ్మ.

ఉయ్యూరు వాళ్ళకి ఈ పేరు గురించి చెప్పనక్కరలేదు. పైఊరి వాళ్ళకి చెబుతాను. మాఘమాసంలో మా ఊళ్ళో వీరమ్మతల్లి తిరునాళ్ళు పదిహేను రోజులు జరుగుతాయి. సిడిబండి నాడు రోడ్డుమీద ఇసకేస్తే రాలదు. పిల్లలు లేనివాళ్ళు మొక్కుకుంటారు. మా అమ్మమ్మకి వరసగా ఇద్దరు దక్కకపోతే మొక్కుకుని కన్నదిట అమ్మని. పుట్టగానే వీరమ్మ అని పేరు పెట్టేసింది. భర్త పోతే తానూ మంటల్లో పోయిన పేరంటాలు వీరమ్మ అని చెబుతారు. ఆ చావును మెచ్చుకోవడం నాకు చేతకాదు. కానీ బిడ్డ బతకాలని ఆ పేరు పెట్టుకున్న మా అమ్మమ్మను తప్పుపట్టడమూ నాకు చేతకాదు. పేరు పుట్టిన చోటు వేరు, అది బతికిన చోటు వేరు. మా ఇంట్లో వీరమ్మ అంటే మంట కాదు, తెల్లవారుజామున వెలిగే పొయ్యి.

"అమ్మమ్మ పేరు పెడదామా?" అని మా అమ్మాయి అననే అన్నది. ఆ వెంటనే తనే, "కానీ పిన్నీ, వీరమ్మ అంటే మరీ పనిమనిషి పేరులా ఉంటుందేమో" అని నాలిక కరుచుకుంది.

అమ్మ తలెత్తలేదు. గుడ్డలు మడతపెడుతూనే, "మీ పిన్నిని అడుగు. తనకి తెలుసు" అంది.

నాకు తెలుసు. ఎలా తెలుసో చెబుతాను. ఇరవై ఏళ్ళనాటి మాట. నా మొదటి నవల వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో కథానాయిక పేరు మెత్తగా, మూడక్షరాల్లో, పువ్వులా ఉంటుంది. వాళ్ళింట్లో వంటమనిషి ఉంటుంది. మంచి మనిషే, నోరు కాస్త పెద్దది, కన్నీళ్ళు తొందరగా వస్తాయి. ఆ వంటమనిషికి వీరమ్మ అని పేరు పెట్టాను. కావాలని చేయలేదు. కలం ముందు వంటిల్లు రాగానే ఆ పేరే వచ్చింది. అమ్మ ప్రతివారం చదివేది. మూడో వారమో నాలుగో వారమో పత్రిక మూసి, "వంటమనిషికి నా పేరు బాగా కుదిరిందే" అంది. అంతే. తరవాత ఆ మాట ఎత్తలేదు. మళ్ళీ ఆ మధ్యాహ్నమే ఎత్తింది.

అందుకే ఈ వ్యాసం. ఇది పేర్ల పుస్తకం మీద విమర్శ అనుకుని మొదలుపెట్టాను. నిజానికి మా మీద, మేం రాసిన నవలల మీద.

'కన్యాశుల్కం' తీసి చూడండి. 1892లో మొదట ఆడిన నాటకం, 1909లో తిరగరాసిన నాటకం. ఇంటి ఆడవాళ్ళ పేర్లు వెంకమ్మ, బుచ్చమ్మ, సుబ్బి, మీనాక్షి. అగ్నిహోత్రావధాన్లు పిల్లలు ముగ్గురూ బుచ్చమ్మ, సుబ్బి, వెంకటేశం. తల్లి వెంకమ్మకి కొడుకు వెంకటేశం! ఏ పేర్ల పుస్తకమూ చూడకుండా ఆ ఇంట్లో తల్లి పేరు కొడుక్కి కలిసొచ్చింది. చెవికి తేనెలా ఉండే పేరు నాటకం మొత్తానికి వేశ్య మధురవాణిది. అప్పటి లోకంలో అందమైన పేరు ఇంటిది కాదు, వీధిది. గురజాడ అది సరిగా విన్నాడు. బుచ్చమ్మ పేరు చూసి ఆయన ఎక్కడా నవ్వలేదు. ఆ పేరుగల పిల్ల కష్టం మీదే నాటకం నిలబెట్టాడు.

తరవాత ఏమయింది? ఇక్కడికి దగ్గరే, మొవ్వ మండలం కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారు 1960లలో 'సెక్రటరీ' రాశారు. జయంతి, రాజశేఖరం. తెలుగు ఆడపిల్లలు ఆ రెండు పేర్లనీ కలల్లో కూడా తలుచుకున్నారు. అందమైన పేరు వీధిలోంచి ఇంట్లోకి, మధ్యతరగతి ఆడపిల్ల దగ్గరికి వచ్చింది. ఆ పేరుతో ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్ళింది, ఆత్మాభిమానంతో తలెత్తి మాట్లాడింది. నేను నవలలు రాయడానికి కారణం ఆవిడే, కనుక ఆ మేలు తక్కువ చేయను.

కానీ ఆ వెనక వచ్చినవాళ్ళం, నాలాంటి వాళ్ళం, ఒక పొరపాటు చేశాం. కొత్త పేర్లన్నీ కథానాయికలకి పంచి, పాత పేర్లన్నీ వంటింటికీ వాకిటికీ తోలాం. చదువుకున్న పిల్లకి ఒక రకం పేరు, అంట్లు తోమే మనిషికి ఇంకో రకం. సుబ్బమ్మ, వెంకమ్మ, వీరమ్మ, పుల్లమ్మ అనగానే చీపురు గుర్తొచ్చేలా రాశాం. ఇందులో తప్పు ఒకటి కాదు, రెండు. మన తల్లుల పేర్లు చిన్నబుచ్చాం. పనిమనిషి పేరు పెట్టుకోవడం అవమానమనే మాట కూడా మా రాతల్లోంచే పిల్లల నోటికి ఎక్కింది. ఆ పనిమనిషికి కూడా ఒక తల్లి, ఒక మొక్కు, ఒక ఉయ్యాల ఉన్నాయని మాకు తోచలేదు. మా అమ్మాయి నాలిక కరుచుకుందంటే ఆ మాట నా నవలలోంచి నేర్చుకున్నదే.

ముళ్ళపూడి వారి బుడుగుని చూడండి. వాడికి అసలు పేరంటూ వేరే ఉంది, అది చాలా పొడుగు, దానితో వాడికి పనిలేదు. పక్కింటి శ్రీజ్ఞాన ప్రసూనాంబ వాడి నోట్లో సీగానపెసూనాంబ అయి కూర్చుంది. ఎంత బరువైన పాత పేరో, ఎంత ముద్దుగా తేలిపోయిందో! పాత పేరు నవ్వించవచ్చు. కానీ ఎవరిని తక్కువ చేసి నవ్విస్తున్నామన్నదే లెక్క. బుడుగు ఆ పిల్లని తక్కువ చేయలేదు. పేరుని ఎత్తుకుని ఆడించాడు, అంతే.

ఇంతకీ పెద్దల లెక్క ప్రకారం ఆడపిల్ల పేరుకి బేసి అక్షరాలుండాలి, మగపిల్లాడికి సరి అక్షరాలు. ఈ రోజుల్లో రెండక్షరాల పేర్ల మోజులో ఆ లెక్క ఎవరూ చూడడం లేదు, చూడాలనీ నేననను. కానీ లెక్క పెడితే వీరమ్మ మూడక్షరాలు. శాస్త్రానికి కూడా సరిపోయింది పాపం, నా నవలకే సరిపోలేదు.

చట్టం కూడా తొందరపెట్టదు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించి, ఏడాదిలోగా రుసుం లేకుండా పేరు చేర్చుకోవచ్చు. కనుక ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది. బారసాల ముహూర్తమే తరుముకొచ్చింది.

ఇరవయ్యో రోజు రాత్రి, పిల్లని జోకొడుతూ, మా అమ్మాయే అంది, "పిన్నీ, 'జ' అంటే పుట్టింది అని కదా? నీళ్ళలో పుట్టింది నీరజ. మరి అమ్మమ్మ వంశంలో పుట్టింది?"

ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు.

వీరజ!

నీరజ, వీరజ. అడ్డం ప్రాస కుదిరింది, నిలువు ప్రాసా కుదిరింది. అక్షరాలు మూడు. ఏ పుస్తకంలోనూ వెతకలేదు, ఏ పట్టికలోనూ లేదు. ఇన్ని నవలలు రాసినదాన్ని, నాకు తట్టలేదు. లెక్కల్లో డిగ్రీ చేసిన పిల్లకి తట్టింది.

తెనాలి నుంచి వచ్చిన వియ్యంకుడుగారు ఏమంటారోనని మా అక్క బెదిరింది. ఆయన రెండుసార్లు పైకి అనుకుని చూసి, "బాగుందమ్మా. మా అమ్మకి తోడొచ్చింది" అన్నారు. మర్నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో ఆ మూడక్షరాలూ రాశారు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని కూడబలుక్కుని చదివింది.

"వీర ఉంచుకుని అమ్మని తీసేశారన్నమాట" అంది.

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ మాటలో చమత్కారమెంతో, నిజమూ అంతే ఉంది. పేరు నిలబెట్టడమంటే ఇంతే కాబోలు. ఎంతో కొంత కత్తిరించకుండా ఏ పేరూ తరం దాటదు. నీరజాక్షమ్మ గారికి కళ్ళు పోయాయి, మా అమ్మకి అమ్మ పోయింది. అయినా రోజుకి పదిసార్లు ఆ ఇంట్లో ఇద్దరు ముసలమ్మల్నీ పిలుస్తున్నట్టే ఉంటుంది. పిల్లలకి ఊహ తెలిశాక ఆ పేర్లు ఎవరివో చెబితే చాలు. చెప్పకపోతే మాత్రం అది ఉత్త ప్రాసే.

మీ ఇళ్ళల్లో కూడా ఉయ్యాల ఊగబోతూ ఉంటే, పేర్ల పుస్తకం తెరిచేముందు ఇంట్లో ముసలివాళ్ళ పేరేమిటో ఒకసారి అడగండి. రెండు పక్కలా అడగండి. పెట్టినా పెట్టకపోయినా సరే, అడిగితే వాళ్ళ మొహం చూడాలి మీరు.

ఇక నా బాకీ. కొత్త నవల మొదలుపెట్టాను. కథానాయిక పేరు వీరమ్మ. బందరు రోడ్డుమీద తన కారు తనే నడుపుకుంటూ వస్తుంది. వంట మాత్రం రాదు. మొదటి ప్రకరణం అమ్మకి చదివి వినిపించాను.

"వంట రాకపోవడమేమిటే, నా పేరు పెట్టుకుని?" అంది.